పాటలతో వెళ్ళిన ఫొటోలు

"బయటికి రావయ్యా గణేష్‌బాబూ! ఆడవాళ్ళ చాటున ఎంతసేపు దాక్కుంటావు?"

సంపూర్ణమ్మ గొంతు వీధరుగు మీంచి వంటింటి దాకా వచ్చింది. లావణ్య చంకలో పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. పళ్ళొచ్చే జ్వరంతో తెల్లవార్లూ నిద్రపోని పిల్లకి ఇప్పుడిప్పుడే కాస్త కన్నంటుకుంది.

"దాన్ని తీసుకుని గదిలోకెళ్ళు. నువ్వు బయటికి రాకు" అని అత్తగారు పాపాయమ్మ కొంగు బిగించుకుని వీధిలోకి నడిచింది.

లావణ్య గదిలోకి వెళ్ళలేదు. తలుపు వారగా నిలబడింది.

"వదినా, నువ్వు పక్కకి జరుగు. నాకు నీతో పని లేదు" అంటోంది సంపూర్ణమ్మ. "మా శ్రీసత్య నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. తలుపేసుకుని కూచుంది. ఆ కాలేజీలో ప్రతి వెధవ ఫోన్లోనూ దాని ఫొటోయే! బ్లూటూత్‌లో ఒకడికొకడు పంచుకుంటున్నారు, పెళ్ళిలో తాంబూలంలాగా. మా ఇంట్లో, మా గదిలో, తలంటుకుని నైటీతో నవ్వుతున్న ఫొటో అది. దాని చెల్లెలు సరదాగా తీసింది. ఆ మెమరీ కార్డు మా గడప దాటింది ఒక్కసారే. మీవాడి కొట్లో పాటలెక్కించుకోడానికి!"

"నైటీలో ఫొటో దిగమని మావాడు చెప్పాడా మీ అమ్మాయికి?" అంది పాపాయమ్మ.

ఎదురింట్లో పప్పు రుబ్బుతున్న చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

సంపూర్ణమ్మ ఒక అడుగు ముందుకేసింది. గొంతు మాత్రం బాగా తగ్గింది. అరుపు కంటే అదే ఎక్కువ భయపెట్టింది లావణ్యని.

"నా కూతురు నా ఇంట్లో ఎలా ఉంటే నీకేం వదినా? నీ కోడలు నాలుగ్గోడల మధ్య ఎలా ఉంటుందో నేనడిగానా? నాలుగ్గోడల్లో ఉన్నదాన్ని నడి బజార్లోకి తెచ్చిందెవరో అది అడుగుతున్నా. మధ్యాహ్నం మా తమ్ముళ్ళని తీసుకుని కొట్టుకే వస్తాను. ఆ కంప్యూటరు తెరిచి మా కళ్ళ ముందు చూపించాలి. చూపించకపోతే పోలీసు స్టేషన్లో తెరుస్తారు."

చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

*

గణేష్‌బాబు పెరట్లో బోరింగు దగ్గర ఉన్నాడు. ఎప్పుడో కడిగేసిన కాళ్ళనే మళ్ళీ కడుక్కుంటున్నాడు.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళింది. మళ్ళీ వస్తానంది. ఒక్కమాట చెప్పండి. శ్రీసత్య కార్డులోవి మీ కంప్యూటర్లో ఉన్నాయా, లేవా?"

"ఉంటాయి. అందరివీ ఉంటాయి."

"అందరివీ అంటే?"

"అంటే ఏంటి? పాటలెక్కిస్తున్నప్పుడు కార్డు పాడైతే ఎవరిది పూచీ? ఇదివరకు ఒకాయన కార్డుకి వైరస్ పట్టి, పెళ్ళి ఫొటోలన్నీ పోయాయని కొట్టు మీదికొచ్చాడు. నీకూ తెలుసు. అప్పట్నుంచి ముందు కార్డులో ఉన్నదంతా మన కంప్యూటర్లోకి దింపుతాను. తర్వాతే పాటలు. మంచికే చేశాను."

"పాటలెక్కాక తీసేస్తారుగా?"

ఆయన బోరింగు కొట్టాడు. నీళ్ళు పడ్డాయి.

"మిమ్మల్నే. తీసేస్తారా?"

"తీరికెక్కడుందే? ఒక పక్క రీచార్జీలు, ఒక పక్క రిపేర్లు..."

"మరి ఏవి ఎవరివో మీకెలా తెలుస్తుంది?"

"పేర్లు పెడతాను కదా."

ఆ పేర్లు లావణ్యకి తెలుసు. కారియరు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తెర మీద చూసి నవ్వుకుంది కూడా. సంపూర్ణమ్మగారి పెద్దమ్మాయి. మిల్లు వీధి టీచరుగారు. మునసబుగారి కోడలుగారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కపక్కన, పసుపుపచ్చ సంచుల్లాంటి ఫోల్డర్ల మీద. ప్రతి పేరుకీ ఒక గారు. మర్యాదకేం లోటు లేదు. ఏ ఇంటి ఆడపిల్ల ఏ సంచిలో ఉందో వెతుక్కోనక్కర్లేకుండా దారి చూపించే మర్యాద. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"పాస్‌వర్డు కూడా లేదుగా దానికి?"

"కొట్లో కంప్యూటరుకి పాస్‌వర్డేంటి? వచ్చినవాళ్ళు కూచుని వాళ్ళకి కావలసిన పాటలు వాళ్ళే ఏరుకుంటారు. నేను ఇటు ఫోన్లు విప్పుకుంటాను. తాళాలేసుక్కూచుంటే బేరం ఎవడొస్తాడు?"

"బావుంది. షట్టరుకి రెండు తాళాలు. రీచార్జి కార్డుల సొరుక్కి ఒకటి. మీ బండికి తాళం వేసి పైన గొలుసు కూడా చుడతారు. ఊళ్ళో ఆడవాళ్ళ ఫొటోలున్న కంప్యూటరు మాత్రం బస్టాండులో బెంచీ! ఎవరైనా కూచోవచ్చు, ఎంతసేపైనా కూచోవచ్చు."

"గొంతు తగ్గించు. అమ్మ వింటుంది."

"విననివ్వండి. వీధంతా విన్నాక అత్తయ్యగారు వింటే తప్పొచ్చిందా?"

అంది గానీ, గొంతు తగ్గింది. తగ్గినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంటరు రెండో ఏడు మధ్యలో పెళ్ళి కుదిరి చదువు ఆగింది. దాంతో పాటే ధవళేశ్వరంలో నేర్చుకుంటున్న కంప్యూటరు కోర్సూ ఆగింది. ఆ సగం కోర్సులో మాస్టారు రోజూ ఒకటే మాట అరిచేవారు. కుర్చీలోంచి లేస్తే ముందు తెరకి తాళం వెయ్యండి, మీ కంప్యూటరుకి మీరే కాపలా అని. అప్పుడు అదొక చాదస్తమనుకునేవాళ్ళు పిల్లలంతా.

గణేష్‌బాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నువ్వెళ్ళి అవన్నీ తుడిచెయ్యి."

"నేనా?"

"సంపూర్ణమ్మ తమ్ముళ్ళు అప్పుడే కొట్టెదురు టీ బడ్డీ దగ్గర కూచున్నారట. నేను షట్టరెత్తితే మీద పడతారు. నువ్వు పిల్లనెత్తుకుని వెళ్తే ఎవరూ అడ్డు రారు. పెళ్ళయ్యాక కంప్యూటరు ముట్టుకోనివ్వలేదని దెప్పుతావుగా. ఇవాళ ముట్టుకో."

లావణ్య ఆయన ముఖంలోకి చూసింది. "తుడిచేస్తే ఆ పిల్లకి ఏం ఒరుగుతుంది?"

"మనకి ఒరుగుతుంది! మన దగ్గర ఏమీ లేదని చెప్పుకోవచ్చు. కొట్టు మూతపడితే నీ పిల్లకి జ్వరం మందు కూడా రాదు. అది ఆలోచించు ముందు."

పిల్ల ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. ఆమె చెయ్యి చాపింది. తాళాలు అరచేతిలో పడ్డాయి.

*

రామచంద్రపురం బస్టాండు ఆ ఎండకి ఖాళీగా ఉంది. టీ బడ్డీ దగ్గర కూచున్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. చంకలో పిల్లని చూసి మళ్ళీ కూచున్నారు. లావణ్య షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరింది.

కంప్యూటరు గుర్రుమంటూ లేస్తోంది. ఒళ్ళో పిల్ల వైర్లు పట్టుకు లాగుతోంది. ఈలోగా షట్టరు కింద తెల్ల పంచె, దాని పక్కన గొడుగు కనిపించాయి.

"గణేష్‌బాబు లేడా అమ్మా? ఈ కార్డులో పాటలెక్కించాలి. మా ఆవిడకి భక్తి పాటలు, నాకు పాతవి."

కొబ్బరికాయల వ్యాపారం చేసే వీరాస్వామి. వంగి లోపలికొచ్చి, చిటికెన గోరంత కార్డుని పంచె అంచుతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

లావణ్య దాన్ని ముట్టుకోలేదు. "ఇందులో ఫొటోలున్నాయా బాబాయిగారూ?"

"లేకేం! మా మనవలవి, మా కోడలిది, ఇంటిల్లిపాదివీ ఉన్నాయి."

"అవి తీసేసి తేవాలి కదండీ."

"తియ్యడమెందుకమ్మా? గణేష్‌బాబు మనవాడే కదా. ఆయ్!"

"మనవాడని మీ బీరువా తాళాలు కూడా ఇచ్చి వెళ్తారా?"

వీరాస్వామి నవ్వు సగంలో ఆగింది. "అదేంటమ్మా, బేరానికొస్తే గయ్‌మంటావేంటి? మీ ఆయనైతే కుర్చీ వేసి కూచోబెడతాడు."

"కూచోబెట్టబట్టే ఇలా తగలడింది. కోపం తెచ్చుకోకండి. పాటలకి వేరే ఖాళీ కార్డు కొనుక్కోండి. ఫొటోలున్నది ఇంట్లోనే ఉంచుకోండి. మా కొట్లోనే కాదు, ఏ కొట్లోనూ ఇవ్వకండి. ఫోను రిపేరుకిచ్చినా సరే, కార్డూ సిమ్మూ తీసి జేబులో వేసుకున్నాకే ఇవ్వండి."

వీరాస్వామి చిన్నబుచ్చుకుని కార్డు తీసుకున్నాడు. అయినా పెద్దమనిషి. కోపంగా వెళ్ళడం ఇష్టం లేక పిల్ల వైపు వంగాడు.

"ఇదేనా ఆ పాప! అబ్బో, ఎంత ఎదిగిపోయిందీ. ఫొటోలో గుప్పెడంత ఉంది."

"ఏ ఫొటోలో?"

"ఇదివరకు పాటలెక్కించుకున్నప్పుడు వాటితో పాటు వచ్చిందమ్మా. మీవాడు పొరపాటున వేసుంటాడు. నువ్వు మంచం మీద కూచుని... సాంబ్రాణి పొగ..."

ఆ ఫొటోలో ఇంకా ఏముందో ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేను సరిగ్గా చూళ్ళేదమ్మా. మా ఆవిడే చూసింది. తీసేసే ఉంటుంది. ఆయ్... వెళ్ళొస్తా."

అంత ఎండలోనూ గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు.

లావణ్య జాకెట్టు మీద చీర కొంగు ఉందో లేదో చూసుకుంది. ఉంది. నిండుగా కప్పుకునే ఉంది. అయినా మళ్ళీ కప్పుకుంది.

పిల్ల పుట్టిన నక్షత్రం మంచిది కాదన్నారు సిద్ధాంతిగారు. శాంతి చేయించి, నూనెలో నీడ చూశాకే తండ్రి బిడ్డ ముఖం చూడాలన్నారు. పాపాయమ్మ ఆ మాట మీద ఇనపగుంజలా నిలబడింది. లావణ్య ధవళేశ్వరంలో పుట్టింట్లో, పురిటి మంచం మీద, ఆయన ఇక్కడ. రోజూ ఫోను. ముక్కు ఎవరిదే? జుట్టుందా? ఒక్క ఫొటో పంపవే, ఫొటోలో చూస్తే దోషమేంటి, నువ్వు కూడా కనపడాలి అందులో. ఒకరోజు ఫోన్లోనే ఏడ్చేశాడు ఆయన. ఆ ఏడుపు విని ఆమె కరిగిపోయింది. పురిటి స్నానమయ్యాక తడి జుట్టు సాంబ్రాణి పొగకి ఆరబెట్టుకుంటూ, పిల్లకి పాలిస్తూ, చెల్లెలి చేత తీయించింది. కార్డుని దూదిలో చుట్టి తమ్ముడికిచ్చి పంపింది. అత్తగారికి ఈనాటికీ తెలియదు. ఆయనొక్కడే చూస్తాడనుకుంది. చూసి చెరిపేస్తాడనుకుంది.

కొత్త పాటలు అని ఉన్న సంచి తెరిచింది. పాటలు, పాటలు, పాటలు. ఆ పాటల మధ్యలో, జారిపడ్డట్టుగా రెండు సంచులు. ఒకటి సంపూర్ణమ్మగారి పెద్దమ్మాయి.

దాని పక్కన, మా ఇంట్లో.

ఆయన నలుగురిలో పెళ్ళాన్ని పేరు పెట్టి చెప్పడు. మా ఇంట్లో అంటాడు. ఇక్కడా అలాగే రాసుకున్నాడు, ముచ్చటగా.

అర్థమైపోయింది. ఎవడో వచ్చి దొంగిలించలేదు. దొంగే ఉంటే బావుండేది, వాణ్ణి శపించి ఊరుకునేది. హడావుడిలో ఈయనే ఈ రెంటినీ పాటల్లోకి జారవిడిచాడు. అడిగినవాడికల్లా ఆ సంచి మొత్తం పట్టి కార్డులోకి దించాడు. కొత్త పాటలు కావాలన్న ప్రతివాడితోనూ శ్రీసత్య వెళ్ళింది. లావణ్యా వెళ్ళింది. పాలు తాగుతున్న పసిగుడ్డూ వెళ్ళింది.

డిలీట్ నొక్కింది. నిజంగానే తీసెయ్యమంటారా అని అడిగింది కంప్యూటరు.

వేలు అక్కడే ఆగింది.

తీసేస్తే ఇక్కడ పోతుంది. వీరాస్వామి ఫోన్లో పోదు. కాలేజీలో పోదు. పోయేది ఒక్కటే, నిజం. రేపట్నుంచి ఊరంతా ఏమంటుందో ఆమెకి ఇప్పుడే వినిపిస్తోంది. ఆ పిల్లే ఎవడికో ఇచ్చుంటుందిలే అంటారు. అత్తగారు పొద్దున్న తప్పంతా ఆ పిల్లదే అన్నట్టు మాట్లాడింది కూడా.

వద్దు అని నొక్కింది.

వైర్లు లాగుతున్న పిల్ల చెయ్యి ఒడిసిపట్టి, ఆగిపోయిన ఆ సగం చదువులోంచి గుర్తు తెచ్చుకుంటూ, వెతికి వెతికి కంప్యూటరుకి పాస్‌వర్డు పెట్టింది. ఇంట్లో ఎవరి పేరూ కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు, ఈ ఊళ్ళో ఎవరూ ఊహించలేనిది. తెరకి తాళం పడింది.

*

"అయిపోయిందా?"

టీ బడ్డీ దగ్గర ఎవరూ లేకపోవడం చూసుకుని, గణేష్‌బాబు వెనక సందులోంచి వచ్చి షట్టరు కింద దూరాడు. తెర మీద పాస్‌వర్డు అడుగుతున్న గడి చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటి?"

"తాళం."

"ఎవరు పెట్టమన్నారు? అన్నీ తుడిచేశావా?"

"లేదు."

"లేదేంటే! సంపూర్ణమ్మా, తమ్ముళ్ళూ వీధి మలుపులో ఉన్నారు. అమ్మ కూడా వెంటే వస్తోంది. పాస్‌వర్డు చెప్పు, నేను తీసేస్తాను. లే కుర్చీలోంచి!"

ఆమె లేవలేదు. "వీరాస్వామి బాబాయిగారు వచ్చి వెళ్ళారు. నా ఫొటో ఆయన ఫోన్లో ఉందిట."

గణేష్‌బాబు కీబోర్డు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పురిటి మంచం మీద ఫొటో. మీరు ఏడ్చి అడిగితే పంపినది. కొత్త పాటల్లో పెట్టి ఊరంతా పంచారు. పొద్దుట్నుంచి ఇంకొకళ్ళ కూతురి కోసం మీ మీద మండిపడుతున్నాననుకున్నాను. నా కోసం కూడా మండిపడాలని ఇప్పుడే తెలిసింది."

"దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు. కావాలని చేస్తానా? నా పెళ్ళాం ఫొటో..."

"శ్రీసత్యది మాత్రం కావాలని చేశారా? అదీ తెలియకుండానే. మీ జాగ్రత్తలో ఇంకా ఎంతమందిని తెలియకుండా పంచారో!"

"సరే, తప్పే! నాదే తప్పు! ముందు ఇది తీసేద్దాం. నీది కూడా ఉందని తెలిస్తే నువ్వు తలెత్తుకు తిరగగలవా? పిల్లని చూడ్డం కోసం శాంతికి ముందే ఫొటో తెప్పించుకున్నానని తెలిస్తే అమ్మ ఊరుకుంటుందా? ఈ జ్వరం కూడా దానివల్లే అంటుంది. నీకు దణ్ణం పెడతాను, పాస్‌వర్డు చెప్పు."

"మీ తల్లికి భయపడి ఒకటి, కొట్టుకి భయపడి ఒకటి. ఆ పిల్ల తలుపేసుకుని కూచుంది చూశారా, దాని గురించి మాత్రం భయం లేదు మీకు. అదేమైనా చేసుకుంటే?"

షట్టరు మీద గాజుల చెయ్యి దబదబా బాదింది.

"గణేష్‌బాబూ! తియ్యి తలుపు!"

లావణ్య లేచి, పిల్లని ఎడమ చంకలోకి మార్చుకుని, కుడిచేత్తో షట్టరు పైదాకా ఎత్తేసింది. ఎండ ఒక్కసారి కొట్టంతా పరుచుకుంది. ముందు సంపూర్ణమ్మ, ఆమెకి అటూ ఇటూ ఇద్దరు తమ్ముళ్ళు. వెనక రొప్పుతూ పాపాయమ్మ.

"అన్నయ్యగారూ, మీరిద్దరూ బయటే ఉండండి" అంది లావణ్య. "ఇది ఆడవాళ్ళం చూసుకోవలసింది. పిన్నిగారూ, మీరు రండి. అత్తయ్యగారూ, మీరు కూడా."

ఆ గొంతు విని తమ్ముళ్ళు ఆగిపోయారు. సంపూర్ణమ్మ లోపలికి అడుగుపెడుతూనే తెర వైపు చూసింది.

"చూపించు. నా కూతురిది ఇందులో ఉందా, లేదా?"

"ఉంది పిన్నిగారూ. మా కొట్లోంచే వెళ్ళింది. శ్రీసత్య తప్పేం లేదు, ఆ మాట ముందు ఇంటికి ఫోన్ చేసి దానికి చెప్పండి."

"ఒసేయ్!" అరిచింది పాపాయమ్మ. "నీకేమైనా పిచ్చా? ఎవరింటి కోడలివే నువ్వు?"

లావణ్య కుర్చీలో కూచుంది. "మీ అమ్మాయిది చూసేముందు, దాని పక్కన ఇంకోటుంది. అది చూడండి పిన్నిగారూ. చూశాక ఎవర్ని తిట్టాలో వాళ్ళని తిడుదురుగాని."

వేళ్ళు పాస్‌వర్డు కొట్టాయి. తెర తెరుచుకుంది. పసుపుపచ్చ సంచులు వరసగా మెరిశాయి.

"వద్దే" అన్నాడు గణేష్‌బాబు. అందులో ఇప్పుడు కోపం లేదు. గోడకున్న స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇంకోటేంటి? ఎవరిదే?" పాపాయమ్మ కోడలి భుజం మీంచి తెర మీదికి వంగింది.

లావణ్య వెనక్కి తిరగలేదు.

"మీరు చెప్తారా," అంది మొగుడితో, "నన్ను చూపించమంటారా?"